జన్యుమార్పిడి పంటలు, ఆహార భద్రత: వినిపించే వాదనను పరిశీలించే పద్ధతి

జన్యుమార్పిడి (జీఎం) పంటల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు తప్పక వినిపిస్తాయి. పెరిగే జనాభాకు తిండి పెట్టాలంటే ఈ పంటలు తప్ప మరో దారి లేదని కొందరు అంటారు. ఇవి నేలనూ రైతునూ తినేవారి ఆరోగ్యాన్నీ దెబ్బతీస్తాయని మరికొందరు అంటారు. ఏ పంట, ఏ గుణం, ఏ ప్రాంతం, ఏ సంవత్సరం అన్న వివరం మాత్రం సాధారణంగా ఈ రెండింటిలోనూ ఉండదు. చర్చా పోటీకి సిద్ధమయ్యే విద్యార్థి, వార్త రాసే విలేఖరి, రైతు సంఘం సమావేశంలో మాట్లాడవలసిన కార్యకర్త ఇలాంటి వాదన ఎదురైనప్పుడు దాన్ని ఏ వరుసలో విప్పి చూడాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా పత్తి నుంచే తీసుకున్నాను. భారతదేశంలో వాణిజ్య సాగుకు అనుమతి పొంది రైతు చేతికి చేరిన జన్యుమార్పిడి పంట అదొక్కటే. పైగా దాని మంచీ చెడ్డా వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు, కర్నూలు రైతులు ఇరవై ఏళ్లకు పైగా చవిచూశారు.

ముందుగా పంటనూ గుణాన్నీ విడదీయాలి

విన్న వాదనను ఒక కాగితం మీద ఒకే వాక్యంగా రాసుకోండి. అందులో "జీఎం పంటలు" అన్న మాటను కొట్టేసి, దాని స్థానంలో ఒక నిర్దిష్టమైన పంట పేరు, దానిలో చేర్చిన గుణం పేరు రాయండి. చాలా వాదనలు ఈ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. ఎందుకంటే పురుగును తట్టుకునే పత్తి గురించి నిజమైన మాట కలుపు మందును తట్టుకునే సోయాకు వర్తించదు. విటమిన్ ఎ లోపం కోసం తయారైన బంగారు బియ్యం గురించిన మాట ఆ రెండింటికీ వర్తించదు.

గుణం పేరు రాసుకున్న తరవాత అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. బీటీ పత్తినే చూడండి. బాసిల్లస్ తురింజెన్సిస్ అనే నేలలోని బాక్టీరియా తయారుచేసే ఒక ప్రోటీన్‌ను పత్తి మొక్క తనలో తానే తయారుచేసుకునేలా ఆ జన్యువును చేర్చారు. లద్దె దశలో ఉన్న కాయతొలుచు పురుగు ఆకునో మొగ్గనో కొరికినప్పుడు ఆ ప్రోటీన్ దాని క్షార స్వభావం గల పేగులో కరిగి, పేగు గోడ మీద ఉండే ప్రత్యేకమైన గ్రాహకాలకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. పురుగు మేత మాని చస్తుంది. మనిషి జీర్ణకోశం ఆమ్లయుతం, ఆ గ్రాహకాలూ మనలో లేవు. ఈ ఒక్క వివరం తెలిస్తే రెండు విషయాలు తేలికగా అర్థమవుతాయి. పురుగును చంపేది మనిషినీ చంపుతుంది కదా అన్న వాదన ఎందుకు నిలవదో ఒకటి. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక వంటి రసం పీల్చే పురుగుల మీద ఈ విత్తనం ఎందుకు పనిచేయదో రెండోది. "బీటీ వేస్తే మందు కొట్టే పని లేదు" అని విత్తనం అమ్మినవారు చెప్పిన మాట అందుకే సగమే నిజం.

ఒక పంటలో కొత్త గుణం చూపించినప్పుడు ఆ గుణాన్ని వేరే మార్గంలో సాధించవచ్చా అని కూడా అడగాలి. సాంబ మసూరి వరికి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద బెడద. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంప్రదాయ సంకరణం ద్వారానే, జన్యు గుర్తుల సాయంతో ఎంపిక చేసుకుంటూ సాంబ మసూరిలోకి తెచ్చాయి. మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో విడుదలైంది. దానికి జన్యుమార్పిడి అనుమతులతో పని పడలేదు. అయితే పత్తిలో బీటీ ప్రోటీన్‌కు అలాంటి మార్గం లేదు. బాక్టీరియాతో పత్తిని సంకరం చేయడం అసాధ్యం. ఎక్కడ ప్రత్యామ్నాయం ఉంది, ఎక్కడ లేదు అన్నది పంటను బట్టి, గుణాన్ని బట్టి మారుతుంది.

దిగుబడి అంకె కనిపిస్తే, దేనితో పోల్చారో అడగాలి

ఈ చర్చలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. బీటీ పత్తి దిగుబడి మీద ప్రచారంలో ఉన్న మూడు అంచనాలను పక్కపక్కన పెట్టి చూడండి.

2003లో 'సైన్స్' పత్రికలో మార్టిన్ కైమ్, డేవిడ్ జిల్బర్‌మన్ ప్రచురించిన అధ్యయనం బీటీ పత్తి దిగుబడి 80 శాతం ఎక్కువని చెప్పింది. అది అనుమతికి ముందు, 2001లో, రైతుల పొలాల్లో జరిపిన ప్రయోగాల సమాచారం. ఆ ఏడాది కాయతొలుచు పురుగు ఉధృతంగా ఉంది. పురుగు విజృంభించిన ఏట పురుగును ఆపే విత్తనం ఎంతో మెరుగ్గా కనిపించడంలో వింత లేదు. తొమ్మిదేళ్ల తరవాత, 2012లో, అదే కైమ్, జొనాస్ కతాగె కలిసి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రైతు కుటుంబాలను 2002 నుంచి 2008 వరకు పలుమార్లు సర్వే చేసి తేల్చిన అంకె ఎకరాకు 24 శాతం అదనపు దిగుబడి, 50 శాతం అదనపు లాభం. 80 నుంచి 24కు దిగిన ఈ తేడా ఒక్కటే, ప్రయోగ క్షేత్రం అంకెనూ సొంత సాగు అంకెనూ ఒకే గాటన కట్టకూడదనడానికి చాలు.

మూడోది 2020లో 'నేచర్ ప్లాంట్స్' పత్రికలో వచ్చింది. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థకు సంచాలకుడిగా పనిచేసిన కేశవ్ క్రాంతి, వరంగల్ పల్లెల్లో ఏళ్ల తరబడి క్షేత్ర పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ కలిసి రాసిన వ్యాసం అది. దేశ సగటు దిగుబడి పెరిగిన కాలాన్ని, బీటీ విత్తనం వ్యాపించిన కాలాన్ని వారు సరిపోల్చారు. ఆ లెక్కను పాఠకుడు తానే చేసుకోవచ్చు. 2001-02లో దేశంలో హెక్టారుకు దూది దిగుబడి సుమారు 300 కిలోలు. 2004-05కే అది 470 కిలోల దరిదాపులకు చేరింది. కానీ అప్పటికి అధికారికంగా అమ్మిన బీటీ విత్తనం మొత్తం పత్తి విస్తీర్ణంలో పదో వంతు కూడా లేదు. గుజరాత్‌లో కొత్త నీటి వసతి, రసం పీల్చే పురుగులను ఆపే విత్తనశుద్ధి మందులు, కొత్త తరం పురుగుమందులు, పెరిగిన ఎరువుల వాడకం ఆ పెరుగుదలలో పెద్ద వాటా పంచుకున్నాయి. ఆ తరవాత బీటీ 90 శాతం దాటిన ఏళ్లలో దిగుబడి ఇంకా పెరగవలసింది పోయి 450-550 కిలోల మధ్య ఊగిసలాడి, ఇటీవల దిగువ అంచుకు చేరింది.

మరి ఎవరి మాట నిజం? నా అభిప్రాయంలో కైమ్ బృందం అడిగిన ప్రశ్న వేరు, క్రాంతి, స్టోన్ అడిగిన ప్రశ్న వేరు. ఒకే ఊళ్లో, ఒకే కాలంలో బీటీ వేసిన రైతుకూ వేయని రైతుకూ తేడా ఎంత అన్నది మొదటి ప్రశ్న. ఇరవై ఏళ్లలో దేశ పత్తి సాగుకు ఏం మిగిలింది అన్నది రెండోది. మొదటి దానికి "తొలి ఏళ్లలో గణనీయంగా" అనీ, రెండో దానికి "చెప్పుకున్నంత కాదు" అనీ సమాధానం రావడంలో వైరుధ్యం లేదు. ఎదుటివారు ఒక ప్రశ్నకు వచ్చిన అంకెను మరో ప్రశ్నకు సమాధానంగా చూపుతున్నారేమో గమనించడమే ఇక్కడ చేయవలసిన పని.

ఇదే కొలతను ఢిల్లీ విశ్వవిద్యాలయంలో దీపక్ పెంటల్ బృందం తయారుచేసిన డీఎంహెచ్-11 ఆవ మీద కూడా పెట్టి చూడవచ్చు. 'వరుణ' అనే రకం కంటే 28 శాతం అధిక దిగుబడి అన్నది ప్రచారంలో ఉన్న అంకె. వరుణ 1970 దశకం నాటి రకం. జన్యుమార్పిడి లేకుండా ఇప్పటికే సాగులో ఉన్న ఆవ హైబ్రిడ్లతో పోల్చాలన్నది విమర్శకుల మాట. ఆ ఆవలో చేర్చిన జన్యువులు నేరుగా దిగుబడిని పెంచేవి కావని, హైబ్రిడ్ విత్తనం తయారీని సులువు చేసేవని గుర్తుంచుకుంటే ఈ విమర్శ ఎంత సూటిగా తగులుతుందో తెలుస్తుంది.

ఫలితం ఎన్నేళ్లు నిలిచిందో చూడాలి

మొదటి మూడేళ్ల అంకెతో వాదన ముగించేవారిని పదో ఏడు అంకె అడగండి. బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. అప్పటి విత్తనంలో ఒకే బీటీ జన్యువు ఉండేది; 2006లో రెండు జన్యువుల బీజీ-2 వచ్చింది. 2009-10 నాటికి గుజరాత్‌లో గులాబీరంగు పురుగు మొదటి ప్రోటీన్‌ను తట్టుకోవడం మొదలైంది, ఆ తరవాత కొన్నేళ్లకే రెండో దాన్నీ తట్టుకుంది. తెలుగు రాష్ట్రాల రైతులకు ఆ పురుగు ఇప్పుడు ఏటా తప్పని బెడద. శనగపచ్చ పురుగు మీద మాత్రం బీటీ చాలాకాలం గట్టిగానే నిలిచింది. కాబట్టి "బీటీ విఫలమైంది" అన్నా, "బీటీ విజయం" అన్నా, ఏ పురుగు మీద అని అడిగితే తప్ప జవాబు ఉండదు.

పురుగు ఇంత త్వరగా అలవాటు పడడానికి ఒక కారణం విత్తన ప్యాకెట్‌లోనే ఉండేది. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం వేరే సంచిలో ఇచ్చేవారు. చేను చుట్టూ దాన్ని వేస్తే, బీటీ ప్రోటీన్ ఎరుగని పురుగులు అక్కడ బతికి, అలవాటు పడిన పురుగులతో జతకట్టి, తట్టుకునే గుణం బలపడకుండా చూస్తాయన్నది శాస్త్రం. రెండెకరాల కౌలు చేనులో పురుగుల కోసం నాలుగైదు వరుసలు వదలమంటే ఏ రైతు వదులుతాడు? ఆ చిన్న సంచి చాలాచోట్ల గట్టున పడింది. తరవాత రెండు విత్తనాలూ ముందే కలిపి అమ్మే పద్ధతి తెచ్చారు. దీనికి తోడు మన దేశంలో బీటీ గుణం దీర్ఘకాలం చేనులో నిలిచే హైబ్రిడ్లలోనే వచ్చింది; జనవరి, ఫిబ్రవరి దాకా చేనును ఉంచడంతో గులాబీరంగు పురుగుకు ఏడాదంతా మేత దొరికింది.

చేలో దీన్ని స్వయంగా పరిశీలించాలనుకునేవారు పూత దశలో పువ్వులు చూడాలి. రేకులు విచ్చుకోకుండా, లోపలి పురుగు అల్లిన దారాలతో ముడుచుకుపోయిన పువ్వులను రైతులు గుడ్డిపూలు అంటారు. లింగాకర్షక బుట్టలు పెట్టి, ఒక్కో బుట్టలో రాత్రికి 8 రెక్కల పురుగులు చొప్పున వరుసగా మూడు రోజులు పడినా, పూలలో గానీ కాయల్లో గానీ పదింట ఒకదానికి పురుగు సోకినా మందు కొట్టవలసిన స్థాయి వచ్చినట్టు. ఏ విత్తనం బాగా పనిచేస్తోందన్న వాదన కంటే ఈ లెక్క రైతుకు ముందు పనికొస్తుంది.

ఆహార భద్రత అంటున్నప్పుడు, దేనికి కొరత అని తేల్చుకోవాలి

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆహార భద్రతను నాలుగు కోణాల్లో చూస్తుంది: తిండి అందుబాటులో ఉండడం, దాన్ని కొనగలగడం, తిన్నది ఒంటికి పట్టడం, ఇదంతా ఏడాది పొడవునా నిలకడగా ఉండడం. ఒక పంట మీద వాదన వచ్చినప్పుడు ఈ నాలుగింటిలో దేన్ని మెరుగుపరుస్తుందని చెబుతున్నారో గుర్తించాలి.

భారతదేశంలో బియ్యం, గోధుమల కొరత లేదు. ప్రపంచ బియ్యం వ్యాపారంలో సుమారు 40 శాతం మన ఎగుమతులే. 2013 ఆహార భద్రత చట్టం కింద లబ్ధిదారుల్లో ఎక్కువమందికి మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం అందుతోంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రక్తహీనత 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. గోదాములు నిండి ఉన్న దేశంలో ఈ అంకెలు మారాలంటే పప్పులు, గుడ్లు, పాలు, ఆకుకూరలు పేదింటి పళ్లెంలోకి రావాలి. వరి దిగుబడి పెంచే విత్తనం ఈ సమస్యను నేరుగా తాకదు. కాబట్టి "జీఎం లేకుంటే ఆకలి చావులే" అన్న మాటను మన దేశం విషయంలో నేను అంగీకరించలేను.

అయితే ఇదే ప్రశ్న వంటనూనెలకు వేస్తే జవాబు మారుతుంది. మన అవసరాల్లో సగానికి మించిన నూనె దిగుమతి చేసుకుంటున్నాం. అందులో సోయా నూనె వచ్చేది ముఖ్యంగా అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి. ఆ దేశాల సోయా దాదాపు అంతా జన్యుమార్పిడి పంటే. (పత్తి తినే పంట కాదు కదా అనేవారు పత్తి గింజల నూనె, పాడి గేదెలకు పెట్టే పత్తి చెక్క సంగతి ఆలోచించాలి.) జన్యుమార్పిడి ఆవ మన పొలంలో వద్దంటూనే జన్యుమార్పిడి సోయా నూనెతో వేపుడు చేసుకుంటున్నామన్న విమర్శకు ఇక్కడ బలముంది. ఆ ఆవ దిగుమతులను నిజంగా ఎంత తగ్గిస్తుందన్నది మాత్రం మళ్లీ దేనితో పోల్చారన్న ప్రశ్న దగ్గరికే వస్తుంది.

ప్రపంచ స్థాయి అంకెలు చూపినప్పుడు పంటల పేర్లు అడగండి. 2019లో ప్రపంచమంతటా జన్యుమార్పిడి పంటల విస్తీర్ణం 19 కోట్ల హెక్టార్లు. దాదాపు అంతా సోయా, మొక్కజొన్న, పత్తి, కనోలా అనే నూనెగింజ పంట. వాటిలో అధిక భాగం పశువుల దాణాకూ నూనెకూ ఇథనాల్‌కూ బట్టకూ పోతుంది. నేరుగా పేదవారి పోషకాహారం కోసం రూపొందించిన బంగారు బియ్యం పరిశోధన 2000లోనే వెలువడినా, ఫిలిప్పీన్స్ వాణిజ్య సాగుకు అనుమతించింది 2021లో. 2024 ఏప్రిల్‌లో అక్కడి అప్పీళ్ల న్యాయస్థానం దాన్ని నిలిపివేసింది.

ఆరోగ్యం, మరణాల గురించిన వాదనలు

ఆరోగ్యం విషయంలో ఒక్క ప్రయోగాన్ని చూపితే, దాని తరవాత ఏమైందో వెతకాలి. జన్యుమార్పిడి మొక్కజొన్న తిన్న ఎలుకలకు కణుతులు వచ్చాయన్న ఫ్రెంచి పరిశోధకుడు సెరలినీ వ్యాసం 2012లో వచ్చింది. నమూనా చాలా చిన్నదన్న కారణంతో పత్రిక 2013లో దాన్ని ఉపసంహరించుకుంది. ఎలుకల బొమ్మలు మాత్రం నేటికీ ఫోన్లలో తిరుగుతున్నాయి. అమెరికా జాతీయ అకాడమీల సంఘం 2016లో వందల అధ్యయనాలను పరిశీలించి, ఈ పంటల వల్ల వచ్చే ఆహారం మామూలు ఆహారం కంటే ఎక్కువ ప్రమాదకరమనే ఆధారం లేదని తేల్చింది. సమర్థకులు ఆ వాక్యాన్ని తరచుగా ఉదహరిస్తారు. అమెరికాలో పంట దిగుబడుల పెరుగుదల వేగాన్ని జన్యుమార్పిడి మార్చినట్టు ఆధారం కనబడలేదని అదే నివేదికలో ఉన్న మాటను అంత తరచుగా ఉదహరించరు. నివేదికను పూర్తిగా చదివినవారికి రెండు పక్షాలకూ జవాబు చెప్పే వీలుంటుంది.

కలుపు మందును తట్టుకునే పంట అయితే గింజతో పాటు మందును గురించి కూడా విడిగా అడగాలి. గ్లైఫోసేట్ అనే కలుపు మందును ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో "బహుశా క్యాన్సర్ కారకం" అన్న వర్గంలో చేర్చింది. అమెరికా, ఐరోపా నియంత్రణ సంస్థలు ఆ నిర్ణయంతో ఏకీభవించలేదు. మన దగ్గర ఇలాంటి పత్తికి అనుమతి లేదు. అయినా బీజీ-3 పేరుతో బిల్లు లేకుండా అమ్ముడవుతోంది. బిల్లు లేని విత్తనం మొలవకపోతే నష్టపరిహారం అడిగే దారి రైతుకు ఉండదు, పక్క చేను మీదికి మందు గాలి తోలితే ఆ గొడవ వేరు.

రైతుల ఆత్మహత్యలకు బీటీ పత్తే కారణమన్న వాదనను తారీఖులతో పరీక్షించవచ్చు. వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించింది 1997-98లో. లద్దె పురుగు విరుచుకుపడి, కొట్టిన మందు పనిచేయక, వడ్డీ అప్పు మెడకు చుట్టుకున్న కాలం అది. బీటీ పత్తి అనుమతికి అది నాలుగేళ్లు ముందు. అప్పు, వర్షాధార సాగు, కల్తీ మందులు, పంట బీమా అందకపోవడం ఆ నాటి నుంచీ ఉన్న కారణాలు. ఖరీదైన విత్తనం ఆ అప్పును కొన్ని చోట్ల పెంచి ఉండవచ్చు గానీ, మొత్తం నెపం విత్తనం మీద వేస్తే మిగిలినవాటికి బాధ్యులైనవారు తప్పించుకుంటారు.

విత్తనం ధర, అనుమతి

విత్తనం ధర ఎవరు నిర్ణయిస్తున్నారో తెలుసుకోకుండా లాభనష్టాల లెక్క వేయకూడదు. తొలి ఏళ్లలో బీటీ పత్తి ప్యాకెట్ 1,600 రూపాయలు దాటి పలికేది. అందులో పెద్ద భాగం గుణం హక్కుదారుకు చెల్లించే రుసుము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించిన తరవాత ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగింది. ఏ జన్యువూ మారలేదు, రైతు విత్తన ఖర్చు సగానికి పైగా తగ్గింది. సాంకేతికత వల్ల లాభమా నష్టమా అని వాదించుకునేవారు ఈ ఘట్టాన్ని వదిలేయడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

అనుమతి స్థితిని ప్రతిసారీ తాజాగా చూసుకోవాలి. కేంద్ర పర్యావరణ శాఖలో ఈ పంటల అనుమతులను పరిశీలించే కమిటీ జీఈఏసీ సిఫారసు చేసినంత మాత్రాన పంట పొలానికి రాదు. బీటీ వంకాయకు ఆ కమిటీ 2009 అక్టోబరులో పచ్చజెండా ఊపింది. అప్పటి మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో బహిరంగ సంప్రదింపులు జరిపి, 2010 ఫిబ్రవరి 9న నిలుపుదల ప్రకటించారు. బంగ్లాదేశ్ 2013లో దాన్ని అనుమతించి, 2014లో రైతులకు ఇచ్చింది. ఆవ విషయంలో 2022 అక్టోబరులో పర్యావరణ అనుమతి వచ్చినా, 2024 జులైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ భిన్నమైన తీర్పులిచ్చారు.

ఇప్పుడు మన చేలోకి రాబోతున్న వరి

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. రెండింటికీ తల్లి రకాలు మనవే. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి నుంచి రాజేంద్రనగర్ సంస్థ 'కమల' అనే డీఆర్‌ఆర్ ధాన్ 100ను తీసింది. మన కాటన్ దొర సన్నాల నుంచి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పూసా డీఎస్‌టీ రైస్ 1ను తీసింది. వీటిలో బయటి జీవి జన్యువు చేర్చలేదు. ఉన్న జన్యువునే ఒకచోట కత్తిరించి సవరించారు. అందుకే 2022 మార్చిలో కేంద్రం ఇలాంటి పంటలకు జన్యుమార్పిడి నిబంధనల్లో కొన్నింటి నుంచి మినహాయింపు ఇచ్చింది. బీటీ పత్తికి వేసిన ప్రశ్నలన్నీ వీటికి అలాగే అతికించకూడదు, కొన్ని మాత్రం వదలకూడదు.

కమల సగటున 19 శాతం ఎక్కువ దిగుబడి ఇస్తుందని, రెండు మూడు వారాలు ముందే కోతకు వస్తుందని ప్రకటన. ఆ 19 శాతం ఏ ప్రాంతంలో, ఏ సీజన్‌లో, ఎంత ఎరువుతో వచ్చిందో అఖిల భారత పరీక్షల నివేదికలో చూడాలి. సవరణకు వాడిన సాధనం మీద విదేశీ పేటెంట్లు ఉన్నాయి కాబట్టి విత్తనం ధరలో ఆ రుసుము కలుస్తుందా, రైతు గింజను దాచుకుని మళ్లీ వేసుకోవచ్చా అని వ్యవసాయ శాఖను రాతపూర్వకంగా అడగాలి. విత్తనం మీ మండలానికి చేరినప్పుడు ఒకే మడిలో, ఒకే రోజు నాటు వేసి, ఒకే ఎరువు చల్లి, సగం బీపీటీ 5204 (సాంబ మసూరి), సగం కమల పెట్టి రెండూ వేర్వేరుగా కోసి తూకం వేయించండి. తరవాత ఒక్కో బస్తా మిల్లుకు పట్టుకెళ్లి నూక ఎంత పడిందో, మిల్లరు క్వింటాకు ఎంత కడతానన్నాడో రాసి పెట్టుకోండి.